తరాలను కలిపే ప్రదర్శన: ఊరివాళ్లే ఆర్టిస్టుకు పని అప్పగించాలంటే

ఊళ్లో పెద్దవాళ్లూ కుర్రకారూ కలిసి పాల్గొనే ప్రదర్శన ఒకటి ఆర్టిస్టు చేత రూపొందించుకోవాలనుకునేవాళ్ల నుంచి ఈసారి ఉత్తరాలు ఎక్కువగా వచ్చాయి. ఒకే సంగతి అడిగినవాటిని కలిపి జవాబులు ఇస్తున్నాం.

ప్రశ్న: మేం పదిమందిమి ఒక బృందంగా కూడాం. ఊళ్లో వయసుమళ్లినవాళ్లకీ బడి పిల్లలకీ మాటామంతీ లేకుండా పోయిందన్నది మా బాధ. పేరున్న ఆర్టిస్టును పిలిచి ఆయన చెప్పింది చేద్దామని సగంమంది, ముందు మనకేం కావాలో తేల్చుకుందామని సగంమంది అంటున్నారు. ఏం చెయ్యమంటారు?

జవాబు: రెండో సగం చెప్పిందే వినండి. ఆర్టిస్టు ముందు వచ్చేస్తే తనకు చేతనైన రూపం పట్టుకొస్తాడు. మీ ఊరి సమస్య దానికి తగ్గట్టు వంగుతుంది. జరగాల్సింది దానికి తిరగేసి.

ఇలా పౌరులే పని అప్పగించే పద్ధతికి ఒక చరిత్ర ఉంది. ఫ్రాన్సువా హెర్స్ అనే ఆర్టిస్టు 1990లో ఒక ఒప్పంద పత్రం లాంటిది రాశారు. ఫోండాసియోఁ ద ఫ్రాన్స్ సంస్థ అండతో అది ‘కొత్త పోషకులు’ అనే పేరున ఫ్రాన్సులో మొదలై తర్వాత వేరే దేశాలకూ పాకింది. అందులోని సూత్రం సులువే. కళను పోషించడం రాజులకో ధనవంతులకో రాసిపెట్టిన హక్కు కాదు. అవసరం ఉన్న పౌరులు తమకేం కావాలో చెబుతారు. మధ్యవర్తి ఒకరు ఆ అవసరానికి తగిన ఆర్టిస్టును సూచిస్తారు. ఆర్టిస్టు ఒక ప్రతిపాదన తెస్తే, నచ్చితే ఒప్పుకునే, నచ్చకపోతే కాదనే హక్కు పౌరులదే.

మీ చేతిలో ముందు ఉండాల్సింది ఒక పేజీ అప్పగింత పత్రం, అంటే మీకేం కావాలో ఆర్టిస్టుకు చెప్పే కాగితం. బృందం ఎనిమిది నుంచి పన్నెండుమంది ఉంటే చాలు, కానీ అందులో కనీసం ముగ్గురు ఇరవై ఏళ్లలోపు వాళ్లు ఉండాలి. ఒక్కరే ఉంటే ఆ పిల్లో పిల్లాడో నోరు విప్పరు. ఇద్దరైతే ఒకరి మొహం ఒకరు చూసుకుంటారు. ముగ్గురైతే మాట్లాడతారు. సమావేశాలు పిల్లలకు పరీక్షలు లేని రోజుల్లో, పెద్దవాళ్లు చీకటి పడకముందే ఇంటికి చేరే వేళల్లో పెట్టండి. మూడు నెలల్లో ఆరుసార్లు కూర్చుంటే పత్రం తయారవుతుంది.

పత్రంలో ఏం రాయాలన్న దగ్గరే చాలామంది తప్పటడుగు వేస్తారు. ‘తరాల మధ్య వారధి కట్టాలి’ అని రాస్తే ఆర్టిస్టుకు ఏమీ తెలీదు. ‘బడి వదిలాక పార్కుకు వచ్చే పిల్లలు గేటు దగ్గరే ఆగిపోతారు, పెద్దవాళ్లు లోపలి బెంచీల మీద ఉంటారు, ఈ రెండు గుంపులూ పలకరించుకోవు. పదిహేనేళ్లవాళ్లను అడిగితే, సొంత కుటుంబం కాక డెబ్బై దాటిన ఒక్క మనిషి పేరు కూడా చెప్పలేకపోతున్నారు’ అని రాస్తే పని మొదలవుతుంది. చూసింది రాయండి. నాటకం కావాలా, నృత్యం కావాలా, ఊరేగింపా అన్నది మాత్రం రాయకండి, ఆ ఆలోచనకే కదా ఆర్టిస్టుకు డబ్బిస్తున్నది. ఎప్పటికి కావాలి, ఎక్కడ చెయ్యొచ్చు, ఎంత ఖర్చు దాటకూడదు, ఏది ససేమిరా కుదరదు, ఈ నాలుగూ చివర చేర్చండి.

ప్రతిపాదన తయారు చేయడానికి వేరే పారితోషికం ఇవ్వండి. ఆ డబ్బు ఇస్తేనే మీరు మొహమాటం లేకుండా ‘ఇది కాదు’ అనగలరు. ఉచితంగా చేయించుకున్నదాన్ని కాదనడం కష్టం.

ప్రశ్న: ముగ్గురు ఆర్టిస్టుల పేర్లు అనుకున్నాం. ముగ్గురి వీడియోలూ బాగున్నాయి. ఎలా ఎంచుకోవాలి?

జవాబు: వీడియోలు పక్కన పెట్టండి. మూడు నిమిషాల వీడియోలో ఎవరి పనైనా బాగానే ఉంటుంది. వాళ్లు నడిపే రిహార్సల్ ఒకటి వెళ్లి చూడండి. లేదా పాత ప్రదర్శనలో పాల్గొన్న ఇద్దరితో, ఒక పెద్దావిడతో, ఒక కుర్రాడితో మాట్లాడండి. ‘మీరు చెప్పినందువల్ల ప్రదర్శనలో ఏం మారింది?’ అని అడగండి. చప్పున జవాబు రాకపోతే వాళ్లను అందులో బొమ్మల్లా నిలబెట్టారని అర్థం.

రూపాల్లో ఎంత తేడా ఉంటుందో తెలిస్తే మీ ఎంపిక తేలికవుతుంది. అమెరికన్ ఆర్టిస్టు సుజాన్ లేసీ 1987లో మినియాపొలిస్‌లో ‘ద క్రిస్టల్ క్విల్ట్’ చేశారు. అరవై దాటిన 430 మంది ఆడవాళ్లు ఒక భవనం హాల్లో బల్లల చుట్టూ కూర్చుని తమ జీవితాల గురించి మాట్లాడుకున్నారు. మధ్యమధ్యలో అందరూ ఒక్కసారే చేతులు కదిపితే, పైనుంచి చూసేవాళ్లకు బొంత మీది బొమ్మ మారినట్టు కనిపించేది. ఆమే మరికొందరితో కలిసి 1994లో ఓక్‌లాండ్‌లో చేసినదానిలో 220 మంది హైస్కూలు పిల్లలు మిద్దె మీది పార్కింగులో కార్లలో కూర్చుని తమ బతుకుల గురించి ముచ్చటించుకున్నారు. పెద్దలు కారు కిటికీల దగ్గర వంగి వినాల్సిందే తప్ప నోరెత్తకూడదు. కెనడాలోని ‘మమేలియన్ డైవింగ్ రిఫ్లెక్స్’ బృందం 2006లో పిల్లలకు క్షౌరం నేర్పించి, పెద్దవాళ్ల జుట్టు వాళ్ల చేత కత్తిరింపించింది.

జర్మన్ నృత్య దర్శకురాలు పీనా బౌష్ ‘కోంటాక్ట్‌హోఫ్’ సంగతి ఎవరైనా ప్రస్తావిస్తే జాగ్రత్త. 1978 నాటి ఆ నృత్యాన్ని 2000లో అరవై అయిదు దాటినవాళ్లతో, 2008లో పద్నాలుగు దాటిన పిల్లలతో మళ్లీ చేశారు. రెండూ గొప్పవే. అయితే ఆ రెండు తరాలూ విడివిడిగా వేదికెక్కాయి. మీ పత్రం అడుగుతున్నది అది కాదు. ఒక ప్రదర్శన రెండు తరాలకూ చోటిచ్చినంత మాత్రాన ఆ తరాలు కలిసినట్టు కాదు.

ఆర్టిస్టును ఒక్క మాట తప్పకుండా అడగండి: ‘ఆ రోజు సగంమంది రాకపోతే ఏం చేస్తారు?’ జవాబు సిద్ధంగా ఉన్నవాళ్లు ఊరివాళ్లతో పనిచేసినవాళ్లు. ‘అలా జరగదు’ అనేవాళ్లు ఇంకా చేయలేదు.

ప్రశ్న: ఎంతమందిని తీసుకోవాలి? నోటీసు అంటిస్తే ఎప్పుడూ కనబడే ఆ పదిహేనుమందే వస్తున్నారు.

జవాబు: నోటీసుకు వచ్చేవాళ్లు ఎప్పుడూ వాళ్లే. గొలుసు పద్ధతి వాడండి. జర్మనీకి చెందిన ‘రిమిని ప్రోటోకోల్’ నాటక బృందం 2008లో బెర్లిన్‌లో నూరుమంది నగరవాసులను వేదికెక్కించినప్పుడు చేసింది ఇదే. మొదటి మనిషి తనకు తెలిసిన ఒకరిని తెస్తారు, ఆయన ఇంకొకరిని. వయసు, ఆడామగా, ఏ పేట వగైరా లెక్క నిండేదాకా అలా సాగుతుంది. ఫలానా వీధి, డెబ్బై అయిదు దాటిన మగమనిషి ఒకరు కావాలి అని కచ్చితంగా అడిగితే జనం వెతికి తెస్తారు. ‘ఎవరైనా రండి’ అంటే ఎవరూ రారు.

జతలు కాకుండా ముగ్గురేసి కట్టండి: ఒక పెద్ద, ఇద్దరు చిన్న. ఒక కుర్రాడు డుమ్మా కొట్టినా పెద్దాయన ఒంటరిగా మిగలరు. పైగా పిల్లలెవరూ పరిచయంలేని పెద్దమనిషితో ఒక్కరే ఉండే పరిస్థితి రాదు, తల్లిదండ్రుల మొదటి ప్రశ్న కూడా అదే. పిల్లలిద్దరినీ పక్కపక్కన కూర్చోబెట్టకండి, కిసుకిసలు మొదలవుతాయి. పెద్దవారికి చెరోపక్కా ఒకరు.

పదహారు ముగ్గురులు, అంటే 48 మంది, మొదటిసారికి సరైన కొలత. పేర్లు మాత్రం ఇరవై మంది పెద్దలవి రాసుకోండి. జ్వరాలు, ఊళ్లు, ఆసుపత్రులు ఉండనే ఉంటాయి. ప్రతి నాలుగు ముగ్గురులకూ ఒక సహాయకులు కావాలి, ఆ సహాయకులు పాల్గొనేవాళ్ల సొంత బంధువులు కాకూడదు. కూతురు పక్కనుంటే అమ్మ మాటలను కూతురే పూర్తి చేసేస్తుంది.

ప్రశ్న: రెండు రిహార్సల్స్ అయ్యాయి. పెద్దవాళ్లు ఉపదేశాలు మొదలుపెడుతున్నారు, పిల్లలు ఫోన్లలోకి జారుకుంటున్నారు. ‘మీ కాలంలో ఎలా ఉండేది?’ అని అడిగించాం. పనిచేయలేదు.

జవాబు: పనిచేయదు. అది ఇంటర్వ్యూ ప్రశ్న. దానికి జవాబుగా ఎవరైనా ఉపన్యాసమే ఇస్తారు. మాట కలవాలంటే చేతుల్లో పని ఉండాలి, ఆ పనిలో ఒకరికి తెలిసింది ఇంకొకరికి తెలియకూడదు.

బాగా నడిచే ఒక పని చెబుతాం. నేల మీద ఊరి పటం. 12 మీటర్ల పొడవు, 8 మీటర్ల వెడల్పు ఉన్న హాలైతే, 125 వంతుల కొలతకు కుదిస్తే, ఒకటిన్నర కిలోమీటర్ల పొడవు, కిలోమీటరు వెడల్పు ఉన్న ఊరిభాగం అందులో పడుతుంది. పెద్దాయన తనకు పదేళ్లప్పుడు ఇంటి నుంచి బడికి నడిచిన దారి చెబుతారు, కర్రతో చూపిస్తారు. పిల్లలిద్దరిలో ఒకరు ఆ దారిని నేల మీద టేపుతో అంటిస్తారు. ఇంకొకరు ఇవాళ్టి దారిని వేరే రంగు టేపుతో అంటిస్తారు. రెండూ విడిపోయిన చోట ఏముండేదో, ఇప్పుడేముందో అరచేతి పెద్ద అట్టముక్క మీద రాసి పెడతారు. ప్రదర్శన రోజు చూడటానికి వచ్చినవాళ్లు చెప్పులు విప్పి, ఒక ముగ్గురితో కలిసి ఆ దారి నడుస్తారు.

ఈ కొలతలో 800 మీటర్ల దారి ఆరున్నర మీటర్లవుతుంది. చేతికర్రతో నడిచేవారూ దాన్ని నడవగలరు. హాలు చిన్నదని ఇంకా కుదించకండి, వీధులు ఒకదానిమీదొకటి పడి అట్టముక్కలకు చోటుండదు. అంతకన్నా ఊళ్లో సగమే తీసుకోండి.

సుద్దముక్కలు వాడొద్దు. గరుకు నేల మీద ఇట్టే అరిగిపోతాయి, నున్నటి నేల మీద పొడి రాలి పెద్దవాళ్లు జారతారు. కాగితపు మాస్కింగ్ టేపు మేలు. పదహారు దారులకు నూటపది మీటర్ల దాకా, పెద్ద వీధులకు ఇంకో అరవై, తెగిపోయేదీ పారేసేదీ కలుపుకుని 200 మీటర్లు దగ్గర పెట్టుకోండి. ఇవాళ్టి దారులకు వేరే రంగులో దాదాపు అంతే. వారాల తరబడి వదిలేస్తే జిగురు నేలకు పట్టేస్తుంది, ప్రతి రిహార్సల్‌కూ కొత్తగా వేయండి. అలా వేయడమే రిహార్సల్ కూడా. రంగులు ఎంచేటప్పుడు నీలం, ఆకుపచ్చ పక్కపక్కన వద్దు. వయసుతో కంటి కటకం పసుపుబారుతుంది కాబట్టి ఆ రెండిటికీ తేడా పెద్దవాళ్లకు తెలియడం కష్టం. ఎరుపు, నలుపు సుబ్బరంగా తెలుస్తాయి.

ఒక గొడవ మాత్రం తప్పదు. బావి ఏ మలుపులో ఉండేదన్న దానిమీద ఇద్దరు పెద్దలు వాదించుకుంటారు. పాత రికార్డులు తెచ్చి తీర్పు చెప్పకండి. రెండు చోట్లా రెండు అట్టముక్కలు పెట్టించండి. ఆ వాదన మొదలైన నిమిషంలోనే పిల్లలు ఫోన్లు జేబులో పెట్టడం మీరే గమనిస్తారు. దాన్ని చల్లార్చడం ప్రదర్శనలోని మంచి భాగాన్ని కోసేయడమే.

ఉపదేశం మొదలైతే ఎలా ఆపాలి? ఆపకండి, ప్రశ్న మార్చండి. ‘ఆ మలుపులో మీకు ఏ వాసన వచ్చేది?’ ‘ఎవరింటి కుక్కకు భయపడి పక్కకు తప్పుకునేవారు?’ ఇలాంటివి పది రాసి పిల్లల చేతికివ్వండి. కుక్క గురించి నీతి చెప్పడం కష్టం.

ప్రశ్న: రిహార్సల్ ఎన్నిసార్లు, ఎంతసేపు?

జవాబు: వారానికొకటి చొప్పున ఏడు, ఒక్కొక్కటి తొంభై నిమిషాలు, నలభై నిమిషాలయ్యాక పావుగంట విరామం. మొదటిదానిలో కళ ఊసెత్తొద్దు, పేర్లూ దారులూ చాలు. చివరి రెండూ ప్రదర్శన జరిగే చోటే, అదే వేళకు జరగాలి. ఆరింటికి కిటికీలోంచి ఎండ సూటిగా మొహాన కొడుతుందని ఆ రోజు దాకా తెలియని బృందాలు ఎన్నో.

ప్రశ్న: మా పెద్దవాళ్లలో కొందరికి చెవుడు, కొందరికి మోకాళ్లు, ఒకరిద్దరికి మతిమరుపు. వాళ్లను తీసుకోవచ్చా?

జవాబు: తీసుకోకపోతే మీరు కలుపుతున్నది ఏ తరాన్ని? కాకపోతే ఏర్పాట్లు ముందే చూసుకోవాలి.

అన్నిటికన్నా ఎక్కువ ఇబ్బంది పెట్టేది చప్పుడు. పదహారు ముగ్గురులు ఒకేసారి మాట్లాడితే వినికిడి యంత్రం ఆ గోలనంతా పెంచి చెవిలో పోస్తుంది, పెట్టుకున్నవాళ్లు దాన్ని తీసి జేబులో వేసుకుంటారు. బయలుస్థలంలో దూరం రెట్టింపైతే శబ్దం సుమారు ఆరు డెసిబెల్స్ తగ్గుతుంది, గోడలు మారుమోగే హాల్లో అంత తగ్గదు. అందుకని ఒకేసారి ఎనిమిది ముగ్గురులే మాట్లాడేలా, మిగతావాళ్లు టేపు వేసేలా వంతులు పెట్టండి. గోడలకు మందపాటి దుప్పట్లు వేలాడదీస్తే మారుమోత తగ్గుతుంది. వెలుతురు మాట్లాడేవాళ్ల మొహం మీద పడాలి, వీపు మీద కాదు, పెదవుల కదలిక చూసి అర్థం చేసుకునేవాళ్లు చాలామంది ఉంటారు.

కుర్చీలకు చేతులుండాలి, లేవడానికి ఆసరా అవే. కూర్చునే పలక నేలకు 45 సెంటీమీటర్ల ఎత్తున ఉంటే మంచిది, ప్లాస్టిక్ స్టూళ్లు అసలొద్దు. మరుగుదొడ్డి అదే అంతస్తులో ఉండాలి. చూపించే కర్ర 120 సెంటీమీటర్లుంటే వంగక్కర్లేదు. పిల్లలకు మోకాళ్ల కింద పెట్టుకునే మెత్తలు ఇవ్వండి, గంటసేపు నేల మీద పాకేది వాళ్లే కదా.

మతిమరుపు ఉన్నవారికి ‘గుర్తుందా?’ అనే మాటే వాడొద్దని పిల్లలకు చెప్పండి. అది పరీక్ష పెట్టినట్టు ఉంటుంది. ‘ఈ దారిలో ఎటు తిరగమంటారు?’ అని అడగండి. ఏ వైపు చూపిస్తే ఆ వైపే టేపు వేయండి, నిన్న వేరే వైపు చూపించినా సరే. వారికి అలవాటైన మనిషి ఒకరు హాల్లో ఉండాలి, పక్కన కాదు, కనుచూపు మేరలో.

ప్రశ్న: డబ్బు లెక్క, ఒప్పందం గురించి క్లుప్తంగా చెప్పండి.

జవాబు: మొత్తంలో మూడో వంతు ఆర్టిస్టు బృందానికి, పదో వంతు అనుకోని ఖర్చుకు తీసిపెట్టి, మిగతాది పంచండి. అందరూ మర్చిపోయే పద్దు ప్రయాణం. పెద్దవాళ్లను ఇంటి నుంచి తెచ్చి దింపే బండి ప్రతి రిహార్సల్‌కూ కావాలి. అది లేకపోతే మూడో వారానికి సగంమంది మిగలరు. పాల్గొనేవాళ్లకు ఏమైనా ఇవ్వదలిస్తే అందరికీ సమానంగా ఇవ్వండి, పిల్లలకు సర్టిఫికెట్టు, పెద్దలకు శాలువా అని విడదీస్తే కలిపింది మళ్లీ విడిపోతుంది.

ఒప్పందంలో వీడియో ఎవరిదో, ఎక్కడ చూపించవచ్చో రాసుకోండి. పద్దెనిమిది నిండనివాళ్ల విషయంలో తల్లిదండ్రుల సంతకంతో పాటు పిల్లల ఒప్పుకోలు కూడా విడిగా తీసుకోవాలి. ఒప్పుకుని తర్వాత వద్దన్నా వాళ్ల భాగం తీసేస్తామని ఆ కాగితంలోనే ఉండాలి. రెండు పక్షాలూ విడిపోవాల్సొస్తే ఏ దశలో ఎంత చెల్లించాలన్నది కూడా.

ప్రశ్న: డబ్బిచ్చే పురపాలక సంఘం వాళ్లు మొదట్లో ప్రసంగాలు ఉండాలంటున్నారు.

జవాబు: ముందురోజు పెట్టండి, లేదా అంతా అయిపోయాక. నలభై నిమిషాల ప్రసంగాలయ్యాక ఎనభై ఏళ్ల మనిషిలో మిగిలేది ఇంటికెళ్లే ఓపిక మాత్రమే. ఇది ఒప్పందంలో ఒక వాక్యంగా రాస్తే ఎవరూ నొచ్చుకోరు, ఆఖరి రోజున చెబితే అందరూ నొచ్చుకుంటారు.

ఎవరి మాట చెల్లుతుందన్నది ఇక్కడ అసలు సంగతి. అమెరికాకు చెందిన ప్రజావిధానాల పరిశీలకురాలు షెర్రీ ఆర్న్‌స్టీన్ 1969లో పౌరుల భాగస్వామ్యాన్ని ఎనిమిది మెట్ల నిచ్చెనగా చూపించారు. కింది మెట్ల మీద జనాన్ని పిలిచి కూర్చోబెట్టడమే ఉంటుంది, పై మెట్ల మీద నిర్ణయం వాళ్ల చేతికొస్తుంది. డబ్బిచ్చేవాళ్లు తేదీ, చోటు మార్చమంటే చర్చించండి. ఎవరు పాల్గొనాలో, ఏ మాటలు తీసేయాలో చెబితే మాత్రం మీ అప్పగింత పత్రం తీసి చూపించండి.

ప్రశ్న: ఒక్కరోజు తిరునాళ్లలా అయిపోయి మళ్లీ ఎవరిదారిన వాళ్లు పోతారేమో?

జవాబు: ఏమీ చెయ్యకపోతే పోతారు. ముగ్గురులు మళ్లీ కలవడానికి ఒక కారణం ముందే పెట్టి ఉంచండి. ప్రదర్శన అయిన నాలుగో వారంలో ఒక పూట, పటం ఫొటో అచ్చు వేసి ఒక్కో ముగ్గురికి ఒక్కటే ఇవ్వండి, ముగ్గురికి మూడు కాదు. అది ఎవరింట్లో ఉండాలో, ఎప్పుడు ఎవరింటికి మారాలో వాళ్లే మాట్లాడుకోవాలి.

ఇక ఆర్టిస్టు వెళ్లేముందు ప్రదర్శన రాతప్రతి చేతికిచ్చి వెళ్లాలని ఒప్పందంలో పెట్టండి. పాటకు స్వరం రాసుకున్నట్టు ఎవరెక్కడ నిలబడాలి, ఎంతసేపు, ఏ ప్రశ్నలు, ఎంత టేపు, ఏం చెడింది అన్నీ అందులో ఉండాలి. నాలుగైదు పేజీలు చాలు. ఆర్టిస్టు లేకుండా మీరు మళ్లీ చేసుకునే అనుమతి కూడా దానిమీదే రాయించుకోండి, లేకపోతే రెండోసారి హక్కుల తగువు వస్తుంది. రెండోసారి చేసేటప్పుడు కొత్త పెద్దలను పిలవడానికి వెళ్లాల్సింది మీ బృందం కాదు, మొదటిసారి నేల మీద పాకిన ఆ పిల్లలు.